నడుంనొప్పికి ఊపిరి కసరత్తు: మందు కాదు, ఊతకర్ర

డ్యూటీ దిగి బంకు మీద నడుం వాల్చి వింటున్నవాళ్ళు లేవక్కర్లేదు, అలాగే పడుకుని వినండి.

ఇవాళ మన సంగతి నడుంనొప్పి. నిన్నో మొన్నో పట్టేసిన నొప్పి కాదు, మూడు నెలలు దాటినా వదలనిది. దానికి ఊపిరి కసరత్తు పనిచేస్తుందా? నా జవాబు ముందే చెప్పేస్తాను: పనిచేస్తుంది, కానీ ఒంటరిగా కాదు.

నేను మాట్లాడుతున్నది యాంగోన్‌లోని లత నుంచి. లత అంటే అమ్మాయి పేరు కాదండీ, ఊరి నడిబొడ్డున ఉన్న టౌన్‌షిప్ పేరు. చైనాటౌన్, పాత జనరల్ హాస్పిటల్ ఇక్కడే. మన తాతలు 'రంగం' అన్నది ఈ ఊరినే. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను ఇక్కడ కోరంగీలు అనేవారు. 1930 నాటికి రేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళే. అప్పుడు బియ్యం బస్తా, ఇప్పుడు సిమెంటు బస్తా. రెక్కలతో పాటు నడుమూ మన పెట్టుబడే.

మరి ఊపిరికీ నడుముకీ ఏమిటి సంబంధం? పక్కటెముకల కింద గొడుగులా ఒక కండరం ఉంటుంది, డయాఫ్రమ్ అంటారు. దాని వెనక కొసలు నడుం పైభాగంలోని వెన్నుపూసలకే అతుక్కుని ఉంటాయి. ఊపిరి తీసేదీ అదే, నడుముకు దన్నుగా నిలిచేవాటిలో ఒకటీ అదే. నొప్పి వస్తుందేమోనన్న భయంతో మనం ఊపిరి బిగబడతాం, ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నిద్ర పోతుంది, భయం ఇంకా పెరుగుతుంది. నిదానంగా ఊపిరి వదిలితే గుండె వేగం కాస్త తగ్గి, ఒళ్ళు సడలుతుంది. ఊపిరి చేసే మేలు ఇదే. అరిగిన డిస్కును అది బాగుచేయదు.

దీని మీద పరిశోధన ఉంది గానీ చిన్నది. 2005లో అమెరికాలో 36 మంది మీద చేసిన ఒక పరీక్షలో ఊపిరి చికిత్స తీసుకున్నవాళ్ళకూ, ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్ళకూ నొప్పి తగ్గింది. ఏది మేలో తేలలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కసరత్తు, నొప్పి గురించి అవగాహన లాంటివి ఉన్నాయి. మనలో చాలామంది కొనే నడుం బెల్టును మాత్రం రోజువారీ చికిత్సగా వద్దంది.

ఇదే ఊళ్ళో జరిగిన ఒక సంగతి చెప్తాను. విపశ్యన గురువు గోయెంకా గారు అప్పట్లో ఇక్కడ వ్యాపారి. తీవ్రమైన మైగ్రేన్‌తో దేశదేశాలు తిరిగి, చివరికి సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళారు. ఆయన అకౌంటెంట్ జనరల్‌గా ఉద్యోగం చేస్తూనే ధ్యానం నేర్పేవారు. కేవలం తలనొప్పి కోసమైతే నేర్పనన్నారట. గోయెంకా గారు 1955లో మొదటి శిబిరం చేశారు. అక్కడ మొదలుపెట్టేది ఊపిరిని గమనించడంతోనే. నాకు నచ్చింది గురువు పెట్టిన ఆ షరతు. ఊపిరిని నొప్పి మాత్రలా వాడొద్దు. నొప్పి పోయిందా లేదా అని నిమిషానికోసారి చూసుకుంటే ఒళ్ళు మళ్ళీ బిగుసుకుంటుంది.

ఇప్పుడు చేద్దాం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద. ముక్కుతో మూడు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, పొట్ట మీది చెయ్యి లేవాలి. ఐదు లెక్కపెడుతూ వదలండి. బలవంతం వద్దు. తల తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఐదు నిమిషాలు చాలు, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి.

అసలు పని ఆ తర్వాతే. ఒళ్ళు సడలిన ఆ కాసేపట్లో లేచి పది నిమిషాలు నడవండి. వారం వారం కొంచెం పెంచండి. నడుముకు బలం ఇచ్చేది కదలికే. ఆ కదలికంటే ఉన్న భయాన్ని తగ్గించడానికే ఈ ఊపిరి.

ఒక్క హెచ్చరిక. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు బలం తగ్గినా, జ్వరంతో నొప్పి వచ్చినా, పై నుంచి పడ్డాక మొదలైనా కసరత్తు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఒకరోజు జీతం పోతుందని ఆగొద్దు. కాలు పడిపోతే పోయేది ఒకరోజు జీతం కాదు.

రూమ్‌లో నడుం పట్టుకుని కూర్చునే అన్న ఎవరైనా ఉంటే, ఇవాళ రాత్రి ఆయన్ని కూడా మీతో పాటు నడకకు తీసుకెళ్ళండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.