మూత్రపిండముల బలహీనత - నీటి కొలత, పీచు పదార్థము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుకొని వచ్చిన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుట మనకందరకు గర్వకారణము. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు 'నీలగిరి పత్రిక'ను, 1926లో పాలమూరు బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి 'గోలకొండ పత్రిక'ను వెలువరించిరి. ప్రజలు తమ బాగోగులను తాము తెలిసికొనుటకు చదువు సాధనమని అట్టి పెద్దల కృషివలన మనకు తెలిసినది. బాగోగులలో ఆరోగ్యము మొదటిది. కావున కార్యదర్శిగారు ఆరోగ్య విషయమున నాలుగు మాటలు చెప్పుమని కోరగా, మన యిండ్లలో నానాటికి వినవచ్చుచున్న మూత్రపిండముల బలహీనతను గూర్చి, అందును నీటినిగూర్చియు పీచు పదార్థమును గూర్చియు ముచ్చటింప సంకల్పించితిని.

'కిడ్నీ దెబ్బతిన్నది' అని వైద్యుడు చెప్పిన మరునాడే ఆ యింటికి బంధువులు వత్తురు. ఒకరు 'బిందెడు నీళ్ళు త్రాగు, అంతయు కడుగుకొని పోవును' అందురు. మరొకరు 'చుక్క నీరు ముట్టవద్దు' అందురు. ఇద్దరును ప్రేమతోనే చెప్పుదురు. కాని ఎవరి మాట ఎవరికి తగునో తెలియనప్పుడు ఆ ప్రేమయే ప్రాణముమీదికి తెచ్చును. నేను చెప్పబోవునదంతయు ఒక్క మాటలో నిమిడియున్నది: ఈ వ్యాధియందు నీటికి అందరికి ఒకే కొలత లేదు, ఎవరి కొలత వారి శరీరమునందే యున్నది, ఆ నీటి కొలతనుబట్టియే పీచును కూర్చుకొనవలెను.

మొదట మూత్రపిండములు చేయు పని యేమి? నడుమునకు ఇరుప్రక్కల పిడికెడంత పరిమాణమున నున్న ఈ రెండు అవయవములు, ఒక్కొక్కటి సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలతో, దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టుచున్నవి. అందు పనికివచ్చునదంతయు తిరిగి రక్తములోనికి పంపి, లీటరున్నరయో రెండు లీటర్లో మాత్రము మూత్రముగా విడిచిపెట్టుచున్నవి. ఒంటిలోని నీటిని, ఉప్పును, పొటాసియమును, భాస్వరమును తూకము తప్పకుండ నుంచునవి ఇవియే. మధుమేహము, రక్తపుపోటు అనునవి ఈ జల్లెడలను చెరచు కారణములలో ముఖ్యమైనవి. ఈ చెరుపు చాలకాలము నొప్పి లేకయే సాగును. కాళ్ళవాపు, ఆయాసము వచ్చుసరికి చాల భాగము పోయియుండును. కావుననే మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏటికొకసారి యైనను మూత్రమును, రక్తములోని క్రియాటినిన్‌ను పరీక్ష చేయించుకొనవలెను.

ఇక నీటి విషయము. ఇందు మనుష్యులను మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటి తెగ ఆరోగ్యవంతులు. మన మెట్టప్రాంతమున వేసవియెండ 45 డిగ్రీలకు ప్రాకుచుండును. పొలమున నాగలి పట్టువారు, పాలమూరునుండి దూరదేశములకు వలసపోయి కట్టడములవద్ద, కాలువలవద్ద పనిచేయువారు చెమట రూపమున లీటర్లకొలది నీరు కోల్పోవుదురు. వారు దాహమును అణచుకొనరాదు. ఎండలో మాటిమాటికి ఒడలెండుట మూత్రపిండములకు హాని చేయునను అనుమానము శాస్త్రజ్ఞులకు బలముగా కలదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మధుమేహము లేని రైతులకు, కూలీలకు సైతము ఈ జబ్బు విస్తారముగా వచ్చుట చూచి వారు వెదకుచున్న కారణములలో ఇది యొకటి. దానికి మూలమేదో ఇంకను తేలలేదు.

రెండవ తెగ మూత్రపిండములు కొంత బలహీనపడినను మూత్రము బాగుగ వచ్చుచు వాపు లేనివారు. వీరు నీరు తగ్గింప నక్కరలేదు. అట్లని బలవంతముగ ఎక్కువ త్రాగుటవలనను లాభము కనబడలేదు. కెనడా దేశమున ఇట్టి రోగులు 631 మందిని రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారిచే ఒక యేడాది ఎక్కువ నీరు త్రాగించి చూచిరి. 2018లో ప్రకటించిన ఫలితములలో మూత్రపిండముల క్షీణత ఇరుపక్షములందును ఇంచుమించు సమానముగనే యుండెను. కావున వీరు దాహమునకు తగినంత త్రాగుట చాలును.

మూడవ తెగ మూత్రము తగ్గినవారు, కాళ్ళు ముఖము వాచినవారు, డయాలిసిస్ చేయించుకొనువారు. వీరికి నీరు త్రాసులో తూచవలసిన వస్తువు. త్రాగినది బయటికి పోవు దారి లేక కాళ్ళలో, పొట్టలో, తుదకు ఊపిరితిత్తులలో చేరును. వైద్యులు సాధారణముగా చెప్పు లెక్క యిది: నిన్నటి దినమున వచ్చిన మూత్రమెంతయో కొలిచి, దానికి 500 మిల్లీలీటర్లు కలిపినచో నేటి కొలత వచ్చును. చెమట విస్తారముగ పట్టు దినములలో ఎంత కలుపవలెనో వైద్యునే అడుగవలెను.

ఒక యుదాహరణము. నిన్న 700 మిల్లీలీటర్ల మూత్రము వచ్చినది. నేటి కొలత 1200. అందు రెండుమార్లు టీ 200, మాత్రలు మ్రింగుటకు 150, చారు 150, మజ్జిగ 150. ఇప్పటికి 650 అయినది. ఇక మిగిలినది 550. దీనిని ప్రొద్దుననే ఒక సీసాలో పోసియుంచి, సాయంకాలమువరకు దానినుండియే త్రాగవలెను. అంబలి, గంజి, పచ్చిపులుసు, పాలు, మంచుగడ్డ ఇవియన్నియు నీరే. 'నేను నీళ్ళు త్రాగలేదు, అంబలి మాత్రమే త్రాగితిని' అనుకొనుటవలన పలువురు మోసపోవుచున్నారు. తాటిముంజలు, పుచ్చకాయ కూడ చాలవరకు నీరే.

లెక్క సరియైనదో కాదో చెప్పునది త్రాసు. ప్రతిదినము ప్రొద్దున, మూత్రవిసర్జన చేసి, ఏమియు తినకమునుపు, ఒకే విధమైన బట్టలతో బరువు చూచుకొనవలెను. ఒక్క దినములో కిలో పెరిగినచో అది కండ కాదు, కొవ్వు కాదు. ఒంటిలో నిలిచిన లీటరు నీరు.

దాహము వేయుచుండగా త్రాగకుండుట యెట్లని మీరడుగవచ్చును. దాహమునకు మూలము చాలమందికి ఉప్పు. దినమంతటికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు కూడదు. ఆవకాయ, అప్పడము, ఊరవేసిన మిరపకాయ పళ్ళెములో నుండగా నీటిని తగ్గింప ప్రయత్నించుట వ్యర్థము. మధుమేహము అదుపులో లేకున్నను దాహము పెరుగును. చిన్న గ్లాసు వాడుట, నోరు పుక్కిలించి ఉమ్మివేయుట కొంత తోడ్పడును. ఒక్క హెచ్చరిక: సోడియము తక్కువయని అమ్ము ఉప్పులో పొటాసియము కలిసియుండును, ఈ రోగులకు అది ప్రమాదకరము.

ఇప్పుడు పీచు పదార్థమునకు వత్తము. నీరు తగ్గి, తిండి తగ్గి, కొన్ని మాత్రల ప్రభావము తోడై ఈ రోగులను మలబద్ధకము పీడించును. ఇది చిన్న బాధ కాదు. మూత్రపిండములు సన్నగిల్లినప్పుడు పొటాసియమును బయటికి పంపు భారములో కొంత పెద్దప్రేగు తానెత్తుకొనును. విరేచనము కానిచో ఆ దారియు మూసికొనును. పొటాసియము రక్తములో హెచ్చినచో గుండె తటాలున ఆగవచ్చును. అదియుగాక, ప్రేగులోని సూక్ష్మజీవులకు పీచు దొరకనప్పుడు అవి మాంసకృత్తులను కుళ్ళజేసి విషపదార్థములను పుట్టించును. వానిని తొలగించు భారము మరల ఆ బలహీనమైన మూత్రపిండములమీదనే పడును.

పీచు మన తాతల కంచములో నిండుగ నుండెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి నూరు గ్రాముల తెల్లబియ్యములో పీచు మూడు గ్రాములకన్న తక్కువ. జొన్నలలో 10, సజ్జలలో 11, రాగులలో 11 గ్రాములు కలవు. జొన్నరొట్టె, గట్క, సజ్జరొట్టె వదలి మూడుపూటల తెల్లన్నమునకు అలవాటుపడి మనము పోగొట్టుకొనిన దేమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

అయితే రోగి కంచములో దీనిని వివేకముతో చేర్చవలెను. జొన్నలలో పొటాసియము బియ్యమునకు మూడింతలు. పొటాసియము అదుపులో నున్నవారు దినమున నూరు గ్రాముల పిండితో రెండు రొట్టెలు తిని, తక్కిన పూట అన్నము తినవచ్చును. హెచ్చుగా నున్నవారు ఎంత తినవలెనో రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పును. బీర, సొర, పొట్ల, గోకరకాయ వంటి కూరలు మేలు. ఆలుగడ్డ, పాలకూర, మునగాకు, టమాట వంటివి తక్కువగా తినవలెను. అమ్మలారా, వంట మీ చేతిలో నున్నది: కూరగాయలను చెక్కుతీసి, చిన్న ముక్కలుగా తరిగి, విస్తారమైన నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి తరువాత తాలింపు వేసినచో పొటాసియము చాలవరకు పోవును. ఇతరులకు సారమైన ఆ నీరు ఈ రోగికి విషతుల్యము. పండ్లలో జామముక్కలు, ఆపిలు, బొప్పాయి కొలతగా తినవచ్చును. అరటిపండు, కొబ్బరినీళ్ళు పొటాసియముతో నిండినవి. 'కొబ్బరినీళ్ళు చలువ' అని రోగిని చూడవచ్చువారు తెచ్చుట మన మర్యాద. కాని ఈ రోగివద్దకు ఆ కాయ తేకుండుటయే మర్యాద.

నీటికి, పీచునకు గల లంకె ఇక్కడనే యున్నది. పీచు నీటిని పీల్చుకొని ఉబ్బినప్పుడే విరేచనము మెత్తబడును. నీరు చాలక పీచు మాత్రమే హెచ్చినచో అది ప్రేగులో గట్టిపడి అడ్డుపడును. ఇసబ్గోలు చెంచాడు వేసికొన్నచో నిండు గ్లాసు నీరు త్రాగవలెను. నీరు కొలతగా త్రాగువారికి ఆ గ్లాసు ఎక్కడనుండి వచ్చును? కావున వారు దానిని తమంతట తాము వాడరాదు. ఆహారములోని పీచునే వారమునకు కొంచెముగా పెంచుకొనుచు, శక్తికొలది నడచుచు, వేళ తప్పకుండ మలవిసర్జనకు కూర్చుండు అలవాటు చేసికొనవలెను. అంతటను కానిచో వైద్యునే అడుగవలెను. అంగడిలో దొరకు మెగ్నీషియము గల విరేచన మందులు, ఫాస్ఫేటు గల ఎనిమా మందులు వీరికి కీడు చేయును.

ఎంత నీరు అనుటతోబాటు ఏ నీరు అనునదియు మన జిల్లాలలో పెద్ద ప్రశ్నయే. నల్లగొండ జిల్లా బావులలోని ఫ్లోరైడు ఎందరి నడుములు వంచినదో మీకు నేను చెప్పనక్కరలేదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును పేర్చి తీయు పద్ధతికి లోకమంతట 'నల్లగొండ పద్ధతి' యని పేరు వచ్చినది. అట్టి కీర్తి ఏ జిల్లాయు కోరుకొనదు. ఒంటిలో చేరిన ఫ్లోరైడును మూత్రపిండములే బయటికి పంపవలెను. అవి బలహీనమైనచో అది ఎముకలలో మరింత నిలుచును. నీరు కాచినచో ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన నీరు త్రాగరాదు. మిషన్ భగీరథ కుళాయి నీరు అందుచుండగా త్రాగుటకు, వంటకు బోరునీటిని వాడుట తగదు. కీళ్ళనొప్పులకని అంగడిలో కొని దినదినము మ్రింగు నొప్పిమాత్రలు మూత్రపిండములను మరింత చెరచునని కూడ మరువరాదు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబునగరము ఒకటి. డయాలిసిస్ కూడ ఆ పథకములో కలదు. ఐనను యంత్రము వారమునకు రెండు మూడు మారులు, కొన్ని గంటలు మాత్రమే పనిచేయును. తక్కిన గంటలన్నిట రోగిని కాపాడునవి గ్లాసు, త్రాసు, కంచము.

కడపట గ్రంథాలయ సంఘమువారికి ఒక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా చదువుగదిలో ఒక బరువు త్రాసును, మిల్లీలీటర్ల గీతలు గల ఒక కొలపాత్రను ఉంచుడు. తేది, మూత్రము, త్రాగినది, బరువు అని నాలుగు గడులు గీసిన పుస్తకములను అవసరమైనవారికి ఇండు. వ్రాయలేని పెద్దలకు ఊరి బడిపిల్లలు వ్రాసిపెట్టవచ్చును. ఆ పుస్తకమును వైద్యుని యెదుట పెట్టినచో, రోగి చెప్పలేని దానిని అది చెప్పును. అక్షరము ఊరికి చేయగల మేలులలో ఇదియు నొకటి.