సముద్రమున మత్స్యన్యాయము

పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మన పెద్దలు మత్స్యన్యాయమనిరి. బలవంతుడు బలహీనుని పీడించు అరాచకమునకు దానిని ఉపమానముగా చెప్పిరి. మానవ సంఘమున అది నింద్యమే. కాని సముద్రమున ఆ న్యాయము తప్పినచో ఏమగునో నేడు ముచ్చటింపదలచితిమి.

కెనడా తూర్పు తీరమున న్యూఫౌండ్‌లాండ్ ద్వీపము కలదు. దాని చెంతనున్న సముద్రపు మెరకలు కాడ్ అను పెద్దచేపకు పేరెన్నికగన్నవి. 1497లో జాన్ కాబట్ అను నావికుడు ఆ ప్రాంతమునకు వచ్చినప్పుడు, నీట గంప ముంచిన చాలు, చేపలు దొరకెడివని వాడుక. అటుపిమ్మట శతాబ్దముల తరబడి జాలరులు గాలములతోను చిన్న పడవలతోను జీవనము సాగించిరి.

1950 తరువాత విదేశపు ట్రాలర్లు వచ్చినవి. పట్టిన చేపను కోయుట, గడ్డకట్టించుట అన్నియు ఓడమీదనే జరుగును. 1968లో ఒక్కయేట 8 లక్షల టన్నుల కాడ్ పట్టిరి. 1977లో కెనడా 200 మైళ్ల మేర సముద్రమును తన అధీనము చేసికొన్నది. అయినను స్వదేశపు ఓడలు అదే వేటను సాగించినవి. తుదకు 1992 జూలై 2వ తేదీన ప్రభుత్వము కాడ్ వేటను నిషేధించినది. సుమారు 30 వేలమందికి పని పోయినది.

కాడ్ తగ్గగా దానికి ఆహారమైన రొయ్యలు, పీతలు విస్తరించినవి. ఆ సంవత్సరములలో నీరు మిక్కిలి చల్లబడుటయు అందుకు కొంత కారణమే. పొరుగుననున్న నోవా స్కోషియా తీరమున మార్పు ఇంకను లోతునకు దిగినదని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అచట కాడ్ తరిగిన వెనుక హెర్రింగు వంటి చిన్నచేపలు హెచ్చినవి. అవి తిను సూక్ష్మజంతువులు తగ్గినవి. ఆ జంతువులకు మేతయగు సూక్ష్మమైన నాచు పెరిగినది. పైమెట్టు కదలగా క్రిందిమెట్లన్నియు కదలినవి.

ఇంకొక చిక్కు కలదు. కాడ్ గ్రుడ్లను, పిల్లలను తినునవి ఈ చిన్నచేపలే. పెద్దచేపలు మెండుగా నున్నప్పుడు వీని సంఖ్య అదుపున నుండెడిది. అవి అరుదైన పిమ్మట, మిగిలిన కొలది సంతతికి ఒకనాటి ఆహారమే శత్రువగుచున్నది. వేట ఆపినంత మాత్రమున పూర్వస్థితి రాకుండుటకు ఇదియు నొక కారణము.

పీతల వలన మంచి ధర వచ్చుచున్నది గదా, నష్టమేమని కొందరు అడుగవచ్చును. ధర వచ్చుట నిజమే. కాని ఊరూర కాడ్ పనిమీద బ్రదికిన కుటుంబములన్నిటికి అది చాలలేదు; అనేకులు వలసపోయిరి. 32 ఏండ్ల తరువాత, 2024లో, కెనడా ఆ నిషేధమును ఎత్తివేసినది. పూర్వపు సమృద్ధి మాత్రము తిరిగి రాలేదు.

వేట మానవలెనని మా అభిప్రాయము కాదు. పెద్దచేప ఒక్కొక్కటి లక్షల కొలది గ్రుడ్లు పెట్టును. చిన్నవానిని అదుపున నుంచును. దానిని కొంత మిగిల్చి పట్టుకొన్న జాలరికే మరుసటి యేడు వల నిండును.