భక్తి తేలేది కాటా దగ్గరే

 

ఇంతసేపూ థింసా చూశాం, డప్పు, తుడుము విన్నాం. ఇప్పుడు కాసేపు ఒక మాట చెప్పుకుందాం. దేవుణ్ణి నమ్ముతున్నామని నోటితో చెప్పడానికీ, ఆ నమ్మకం ప్రకారం నడుచుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉంది? ఇది తెలుసుకోవడానికి గుడికో చర్చికో వెళ్ళక్కర్లేదు. మనలో చాలామందికి బాగా తెలిసిన పూర్ణా మార్కెట్‌కి వెళ్తే చాలు.

చదువు కోసమో పని కోసమో కొండ దిగి విశాఖ వచ్చిన మన పిల్లలు ఏదో ఒక రోజు ఆ మార్కెట్లో తిరిగినవాళ్ళే. అక్కడ పూజకు కావలసినవన్నీ దొరుకుతాయి. పూలు, కొబ్బరికాయలు, అరటిపళ్ళు, పసుపు, కుంకుమ ఉంటాయి. పసుపులో మన ఏజెన్సీ పసుపు ఉంటుంది. సంతర్పణకు విస్తళ్ళు కుట్టే అడ్డాకు మన అడవిది. ఇల్లు ఊడ్చే కొండచీపురు మన అమ్మలు కోసి కట్టలు కట్టింది. పట్నంలో దేవుడి పూజకు మన కొండ చెమట కూడా చేరుతోందన్న మాట.

మార్కెట్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు ఉంది. అమ్మవారి మీద పైకప్పు లేదు. కులం అడగకుండా ఎవరైనా వెళ్ళి తమ చేత్తో తామే పసుపు కుంకుమ పెట్టి మొక్కుకోవచ్చు. మార్గశిర మాసంలో గురువారాలు ఎంత జనం వస్తారో మీకు తెలుసు. అటు హార్బరు వైపు చూస్తే మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా ఉన్నాయి. అన్ని మతాలకూ చోటిచ్చిన ఊరు ఇది.

అలాంటి ఊళ్ళో మన పిల్లవాడు అద్దె గది కోసం తిరిగితే, కొన్ని ఇళ్ళ దగ్గర మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" అనే. జవాబు విన్నాక గది ఖాళీ లేదంటారు. ఆ అడిగిన మనిషి కులం అడగని అమ్మవారికి మొన్ననే పసుపు పూసి వచ్చి ఉండవచ్చు. అమ్మవారి దగ్గర చూసిన నీతి ఇంటి గుమ్మం దాకా రాలేదు.

ఇది పట్నం వాళ్ళను తిట్టడానికి చెబుతున్న మాట కాదు. మన ఇంటి వైపు కూడా చూసుకోవాలి. మనలోనూ ఒక తెగవారి ఇంట్లో మరో తెగవారు నీళ్ళు ముట్టని ఊళ్ళు ఉన్నాయి. అడవి తల్లికి మనమందరం బిడ్డలమని వేదిక మీద చెప్పి, భోజనాల దగ్గర వేరే వరసలో కూర్చుంటే, ఆ గది ఇవ్వనివాడికీ మనకీ తేడా ఏముంది?

మన తాతల నమ్మకం ఎలా ఉండేదో గుర్తు చేసుకుందాం. వాళ్ళు దేవుడి గురించి పెద్ద ఉపన్యాసాలు ఇవ్వలేదు. మామిడి చెట్టు నిండా కాయ ఉన్నా, మామిడి కొత్త జరిగేదాకా ముట్టేవారు కాదు. సామ పండినా, కొత్త పెట్టుకుని ముందు దేవతకూ పెద్దలకూ చూపించేదాకా నోట పెట్టేవారు కాదు. దిసారి రోజు చెప్పాలి, ఊరంతా ఒక్కటిగా చేయాలి. ఆకలి ఉన్నా చెయ్యి ఆగేది. ఎవరూ కాపలా లేని కొండ మీద కూడా ఆగేది. అందువల్ల కాయ ముదిరేది, టెంక మొలకెత్తేది, అందరికీ వాటా దక్కేది. చెయ్యిని ఆపే కట్టుబాటునే వాళ్ళు భక్తి అనుకున్నారు. పండగ ఆ కట్టుబాటు చివర వచ్చే సంతోషం. ఇప్పుడు పండగ మిగిలింది, పాట మిగిలింది, ఫోన్లో వీడియో కూడా మిగిలింది. కట్టుబాటు ఎంత మిగిలిందన్నదే మా ప్రశ్న.

రెండు విషయాల్లో ఇది తేలిపోతుంది.

మొదటిది కాటా. సంతలో షావుకారు కొలతలో మోసం చేసేవాడని మన ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చింతపండుకీ, పసుపుకీ, తేనెకీ దళారుల బెడద తప్పించి సరైన ధర ఇప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. దాని ప్రధాన కార్యాలయం ఈ విశాఖలోనే ఉంది. అయితే ఈరోజు దళారుల్లో మన కుర్రాళ్ళు కూడా ఉన్నారు. సొంత మేనత్త తెచ్చిన చింతపండుకి తరుగు పేరుతో రెండు కిలోలు కోసేవాడు, దీక్ష మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకపోవచ్చు. ఆదివారం ప్రార్థనలో ముందు వరసలో కూర్చోవచ్చు. జాకర దేవతకు కోడిని కోయవచ్చు. ఏ దేవుడైనా సరే, ఆ రెండు కిలోల లెక్క మాత్రం మేనత్తకి మిగిలే ఉంటుంది.

రెండోది భూమి. భూమి మనకు తల్లి అంటాం. మనం 1/70 అని పిలిచే చట్టం, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు మన అనంతగిరి వైపు గనుల నుంచే మొదలయింది. ఇంత గట్టి కట్ట ఉన్నా లోపల నుంచి గండి పడుతోంది. డబ్బు వేరొకరిది, పేరు మనది. కాగితం మీద సంతకం పెట్టి బినామీగా నిలబడేది చదువుకున్న మన కుర్రాడే. తల్లి అని దండం పెట్టిన చేత్తోనే ఆ సంతకం పడుతోంది. చట్టం బయటివాణ్ణి ఆపగలదు. ఇంట్లోవాడి చెయ్యిని వాడి నమ్మకమే ఆపాలి.

మీరు ఏ దేవుణ్ణి కొలుస్తారని మేము అడగం. మన ఇళ్ళలో సంకు దేవుణ్ణి కొలిచేవారున్నారు, మోదకొండమ్మకు మొక్కేవారున్నారు, రామభజన చేసేవారున్నారు, యేసును నమ్మినవారున్నారు. ఎవరి నమ్మకం వారిది. అయితే అన్నిటికీ సరిపోయే మూడు పనులు కోరుతున్నాం. మనవాళ్ళ సరుకు తూచేటప్పుడు కాటా సరిగా పట్టండి. మరొకరి డబ్బుకి మీ పేరు అద్దెకివ్వకండి. ఈ పట్నంలో మీకు గది దొరికితే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడికి తెగ అడగకుండా సగం చాప పరవండి.

ఇవి చేయడానికి ముహూర్తం అక్కర్లేదు, ఖర్చూ లేదు. లాభం వదులుకోవలసి వస్తుంది, అంతే. కొత్త రాకముందు మామిడికాయ వదిలిన తాతలకు అది కష్టమనిపించలేదు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. ఈరోజు ఎవరి పక్కన ఎవరైనా కూర్చుందాం, అక్కడి నుంచే మొదలుపెడదాం.

జై ఆదివాసీ!