పాలు మాన్పించిన రోజే దూడను అమ్మొద్దు

మన ఒంగోలు జాతి సంతతే బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మాంసం కోసం పెరుగుతోంది. అక్కడ దూడను సాధారణంగా ఏడెనిమిది నెలలకు తల్లి నుంచి వేరు చేస్తారు. తల్లి, పాలు ఒక్కసారే దూరమైతే దూడ అరుస్తూ తిరుగుతుంది, మేత ముట్టదు. ఆ ఒత్తిడికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అదే రోజు లారీ ఎక్కిస్తే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది.

మన కోడెదూడకైనా, గేదె దూడకైనా సూత్రం ఇదే. మాన్పించే ముందే టీకాలు, నట్టల మందు వేయిద్దాం. దాణా అలవాటు చేద్దాం. తల్లి కనబడేలా, పొదుగు అందకుండా కంచెకు ఇవతల కడదాం. కుదుటపడ్డాకే అమ్ముదాం.

అప్పు తరుముతుంటే చిన్న రైతు అన్ని వారాలు ఆగలేడు. అందుకే టీకాలు, దాణా సాయం సకాలంలో ఊళ్లోనే అందాలని కలిసి అడుగుదాం.