రుద్రమ గద్దె – రజియా తఖ్తు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్లు అధికారంలోకొస్తే ఎన్నాళ్లు నిలుస్తారని అడిగేవాళ్లు మన పాములపాడు ప్రాంతంలోనూ ఉన్నారు. జవాబు చరిత్రలో వెతుకుదాం. 13వ శతాబ్దంలో ఇద్దరు స్త్రీలు రాజ్యమేలారు. ఢిల్లీ తఖ్తు మీద కూర్చున్న తొలి సుల్తానా రజియా. ఓరుగల్లు నుంచి తెలుగుదేశాన్ని ఏలిన కాకతీయ రాణి రుద్రమదేవి.

ఇద్దరినీ ఎంచింది తండ్రులే. కొడుకులుండగానే కూతురు తగినదన్నాడు ఇల్తుత్‌మిష్. 1236లో ఆయన కన్నుమూయగానే అమీర్లు ఆ మాట పక్కనబెట్టి కొడుకు రుక్నుద్దీన్‌ను కూర్చోబెట్టారు. ఏడు నెలలైనా నిండకుండానే అతని పాలన కూలింది. ఢిల్లీ ప్రజలు రజియా పక్షాన నిలిచి ఆమెను గద్దెనెక్కించారు.

ఇక్కడ గణపతిదేవుడు కూతురికి రుద్రదేవ మహారాజు అని పేరు పెట్టి, తన జీవితకాలంలోనే పాలనలో చేయి కలిపించాడు. శాసనాల్లో ఆ మగపేరు కనిపిస్తుంది. చూడండి, రాజ్యం ఇవ్వగలిగిన తండ్రి కూడా ఆడపేరుతో ఇవ్వడానికి జంకాడు గదా!

1262 నుంచి రుద్రమ తానే ఏలింది. దేవగిరి యాదవుల దండును వెనక్కి కొట్టింది. అంతకు ముందే, 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆమె దానం ఉంది. ఆ దానపు రాబడితో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువుల మఠం నడిచాయి. మోటుపల్లి రేవు గల రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణిని మార్కో పోలో మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమేనని చరిత్రకారులంటారు.

ఇక పతనం సంగతి. ఇద్దరినీ దెబ్బతీసింది పరాయి శత్రువు కాదు, కొలువులో సలాము చేసినవాళ్లే. అబిసీనియా దేశస్థుడైన యాఖూత్‌కు రజియా అశ్వశాలాధికారి పదవి ఇచ్చింది. తురక అమీర్లకు అది కంటగింపైంది. పరదా విడిచి దర్బారు చేయడం అంతకు మించిన నేరమైంది. 1240లో భటిండా అధిపతి అల్తూనియా తిరగబడ్డాడు. యాఖూత్ హతుడయ్యాడు, రజియా ఖైదయింది. తర్వాత ఆమె ఆ అల్తూనియానే పెళ్లాడి, ఢిల్లీ తిరిగి గెలవాలని బయలుదేరి, ఓడి, ఆ ఏడాదే ప్రాణాలు పోగొట్టుకుంది. ఆమెకు రాజులక్షణాలన్నీ ఉన్నాయనీ, స్త్రీ కావడంతో అవి అక్కరకు రాలేదనీ ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు.

రుద్రమపై తిరగబడినవాడు కాయస్థ అంబదేవుడు. గణపతిదేవుడు పెంచి పెద్దచేసిన వంశమది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు 1289 నవంబరుకే మరణించారు. అంబదేవుడితో పోరులోనే నేలకొరిగారని పండితుల అభిప్రాయం. మన నల్లమలకు అవతల, త్రిపురాంతకంలో, 1290 నాటి శాసనంలో అతడు తన విజయాలు చాటుకున్నాడు. ఆ సంబరం ఎంతోకాలం సాగలేదు. రుద్రమ తీర్చిదిద్దిన మనవడు ప్రతాపరుద్రుడు మరుసటి ఏడే అతణ్ణి అణిచాడు.

రజియాది నాలుగేళ్లయినా నిండని పాలన, రుద్రమది ఇరవయ్యేడేళ్లు. తేడా ఎక్కడుంది? రజియాకు జనం అండ ఉంది గాని కొలువు అండ లేదు. రుద్రమకు తండ్రి దగ్గర పని నేర్చుకునే అవకాశం దొరికింది, చివరిదాకా వెంట నిలిచిన మనుషులు దొరికారు. మనిషి పడిపోయినా రాజ్యం పడిపోలేదు.

రోజులు మారాయి గాని ఈ సూత్రం మారలేదు. అర్జెంటీనా తొలి అధ్యక్షురాలు ఇసబెల్ పెరోన్ 1974లో భర్త మరణంతో పదవిలోకొచ్చింది. 1976లో సైన్యం ఆమెను దింపేసింది. ఇండోనేషియా తొలి అధ్యక్షురాలు మేఘావతి 2001లో పదవి చేపట్టి, 2004లో ప్రజల ఓటుతో దిగింది. ఓటుతో దిగడం చిన్నతనం కాదు. నమ్మినవాళ్లే వెనకనుంచి లాగేస్తేనే అన్యాయం.

ఇక మన ఊళ్ల మాట. మన రాష్ట్రంలో పంచాయతీ స్థానాల్లో సగం స్త్రీలకు కేటాయించారు. కానీ బోర్డు మీద పేరు ఆమెది, కుర్చీలో కూర్చునేది ఆయన! ఆనాడు రుద్రమకు మగపేరు తగిలించారు. ఈనాడు ఆడపేరు ఉంచి అధికారం మగవాళ్లు పట్టుకుపోతున్నారు. ఏది మేలో మీరే ఆలోచించండి.

అందుకే నా విన్నపం. మన ఆడపిల్లలకు చదువుతోపాటు లెక్కల పుస్తకం చూడటం, అర్జీ రాయడం, సభలో లేచి మాట్లాడటం నేర్పండి. ఆ పని మన సంఘం సమావేశాల్లోనే మొదలుపెడదాం. రేపు వాళ్లలో ఒకరు కుర్చీ ఎక్కితే దండ వేసి ఇంటికి పోకండి, ఐదేళ్లూ వెంట నిలబడండి. గద్దె ఎక్కించడం ఒకనాటి పని, నిలబెట్టడం రోజూ చేయాల్సిన పని.