సైనికుని మనోగాయమును గుర్తించుట



మన ఇందిరాపురమునకు అనతిదూరమున హిండన్ వైమానిక స్థావరము కలదు. ఈ సభలోను సైనికులను కన్న తల్లులు, సైనికులను పెండ్లాడిన సోదరీమణులు ఉందురు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు 'మిలిటరీ మాధవరము' అను పేరు ఊరక రాలేదు. రెండు ప్రపంచ యుద్ధములకును ఆ గ్రామస్థులు తరలిపోయిరి. తిరిగివచ్చిన వీరునికి పూలమాల వేయుదుము. అతని మనస్సు కూడ క్షేమముగా తిరిగివచ్చినదా యని విచారింపము.

వ్యాధి క్రొత్తది కాదు. పేరు మాత్రమే క్రొత్తది. చార్లెస్ మయర్స్ అను వైద్యుడు 1915లో 'షెల్ షాక్' అను మాటతో దీనిని వర్ణించెను. వియత్నాం యుద్ధమునుండి మరలివచ్చినవారి అవస్థను గమనించిన పిమ్మట, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అను పేర తన వ్యాధుల పట్టికలో చేర్చెను.

లక్షణములు నాలుగు తెరగులు. జరిగిన ఘోరము తలపులోను కలలోను మరల మరల వచ్చుట. దానిని జ్ఞప్తికి తెచ్చు మనుష్యులను, తావులను తప్పించుకొని తిరుగుట. తనపై, లోకముపై నమ్మకము చెడుట. చిన్న చప్పుడునకే ఉలికిపడుట, నిద్ర పట్టకుండుట, పట్టరాని కోపము. ఇవి నెలకు మించి నిలిచి, కాపురమును కొలువును చెరచునపుడు వ్యాధిగా ఎంచుదురు.

దీనిని కొలుచుటకు రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. ప్రశ్నలే సాధనములు. 'పీసీఎల్-5' అను ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు కలవు. ఒక్కొక్కదానికి 0 మొదలు 4 వరకు అంకెలు; మొత్తము 80. సామాన్యముగా 31 లేక 33 వచ్చినచో సమగ్ర పరీక్ష అవసరమని సూచన. అది సూచనయే గాని తీర్పు కాదు. ముఖాముఖి కూర్చుండి విచారించిన వైద్యుడే నిర్ణయింపవలెను.

కాగితము చూచి తీర్మానించుట మన కొలువులో అలవాటు. ఇచ్చట ఆ అలవాటు చాలదు. పదోన్నతికి భంగమగునని జంకినవాడు బాధను తగ్గించి చెప్పును. పింఛను కొరకు పెంచి చెప్పుచున్నాడను అనుమానము నిజమైన బాధితుని సైతము దోషిగా నిలుపును. చేరిననాడు నమోదు కాని వ్యాధి పిదప బయటపడినచో, అది సేవవలన కలిగినదని నిరూపించు భారము సైనికునిపై లేదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినది.

మరియొక చిక్కు భాష. మనవాడు 'భయముగా నున్నది' అనడు. 'గుండె దడ', 'తల బరువు' అనును. పరభాషలో అడిగినచో 'సబ్ ఠీక్' అని ముగించును. కనుక తెలుగులో, తొందరలేక అడుగువారు కావలెను. అతడు దాచినదానిని ఇల్లాలు ఎరుగును. ఆమె మాటను కూడ వైద్యుడు వినవలెను.

సహాయము దుర్లభము కాదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ 14416 నంబరున తెలుగులోను మాటలాడవచ్చును. సాయుధ దళముల కొరకు 2023 డిసెంబరులో పుణె సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగము నెలకొల్పిరి. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ వైద్యశాలలు కలవు. తగిన మానసిక చికిత్సతో, అవసరమైనచో మందులతో, పలువురు కోలుకొందురు.

మీ బంధువులలో యూనిఫారము ధరించినవారు, విడిచినవారు ఉన్నచో వారి మౌనమును ఆరోగ్యమని తలంపకుడు. చెంత కూర్చుండుడు, అడుగుడు, చెప్పునంతవరకు ఓపికపట్టుడు. వైద్యుని పరీక్షకు తొలిమెట్టు ఇంటనే కలదు.

సెలవు.