పురిటింటికి వెళ్ళే క్యారేజీ
(2021 నవంబరులో మన ఆలయ కార్తీక వనభోజనాల సభలో చేసిన ప్రసంగం)



వనభోజనాల్లో ప్రసంగమంటే అందరి చూపూ పులిహోర గిన్నె మీదే ఉంటుందని నాకు తెలుసు. ఉసిరిచెట్టు న్యూజెర్సీ చలికి తట్టుకోదు కాబట్టి కుండీలో కొమ్మ గుచ్చి పూజ చేసుకున్నాం. అదే విధంగా నేనూ ఉన్నంతలో సర్దుకుని, క్లుప్తంగా చెబుతాను.

ఇందాక అర్చకులవారు ఆశీర్వచనం చేసిన పదకొండు మంది పిల్లల్నీ మీరందరూ చూశారు. అందరూ 2020 మార్చి తర్వాత పుట్టినవాళ్ళే. గుడి గంట వినడం కొందరికి ఇదే మొదటిసారి, ఇద్దరు జడుసుకుని ఏడ్చారు కూడా. అక్షింతలు వేస్తుంటే ఒక తల్లి నాతో, "మా వాడికి బారసాల కూడా సరిగా చేయలేకపోయామండీ ఆంటీ" అంది. ఇదే మాట ఈ ఏడాదిన్నరలో చాలామంది నోట విన్నాను.

అమ్మా, దాని గురించి దిగులు పడకండి. నామకరణానికి శాస్త్రమే వెసులుబాటు ఇచ్చింది. పదో రోజు లేదా పన్నెండో రోజు, కాదంటే మంచి తిథి, మంచి నక్షత్రం చూసి చేయమని మనుస్మృతిలోనే ఉంది. మన ఇళ్ళలో ఇరవై ఒకటో రోజు చేసేవాళ్ళున్నారు, మూడో నెలలో చేసేవాళ్ళున్నారు. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయడానికి, బిడ్డ చెవిలో ఆ పేరు చెప్పడానికి తల్లీ తండ్రీ చాలు. పురోహితుడు ఫోన్‌లో మంత్రం చెప్పినా అది బారసాలే. రెండు వందల మందికి భోజనాలు పెట్టకపోతే బిడ్డకు వచ్చిన లోటేమీ లేదు.

లోటు జరిగింది బాలింతకు. ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ సంగతే.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఈ దేశం వచ్చాక పుట్టిల్లే విమానమెక్కి రావడం మొదలుపెట్టింది. ఆరు నెలలు అమ్మ, ఆమె వెళ్ళాక ఆరు నెలలు అత్తగారు. మనలో చాలామంది పిల్లలు అలాగే పెరిగారు. 2020 మార్చి మధ్యలో ఇండియాలోని అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి. అదే నెల నాలుగో వారంలో విమానాలూ ఆగిపోయాయి. మా వియ్యపురాలు రాజమండ్రిలో ఏప్రిల్ టికెట్టు చేతిలో పెట్టుకుని కూర్చుంది. కాయం సీసా, తెలగపిండి, నలుగుపిండి, పొత్తిళ్ళకని ఉతికి మెత్తబరిచిన పాత చీరలు, అన్నీ సూట్‌కేసులో సర్దుకుంది. ఆ సూట్‌కేసు మంచం కిందే ఉండిపోయింది. మే నెలలో మనవరాలు పుట్టింది.

మరి నేను ఇక్కడే ఉన్నాను కదా అంటారేమో. నేను నర్సును. రోజూ కోవిడ్ వార్డులో పన్నెండు గంటలు పనిచేసి వచ్చేదాన్ని పసిగుడ్డు ఉన్న ఇంట్లోకి ఎలా వెళ్తాను? అరగంట దూరంలో ఉండి కూడా ఆరు వారాలు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. క్యారేజీ గరాజ్ ముందు పెట్టి కారులో కూర్చునేదాన్ని. మా కోడలు కిటికీ దగ్గరికి వచ్చి బిడ్డను ఎత్తి చూపించేది.

బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే. ఊడాక మొదటిసారి నీళ్ళు పోసిన రోజు చూడాలి. ఇక్కడ పొద్దున పది, అక్కడ రాత్రి ఏడున్నర. సబ్బుల అరమీద ఫోను నిలబెట్టారు. రాజమండ్రి నుంచి మా వియ్యపురాలు "కాళ్ళు చాపుకో తల్లీ, మడమలు దగ్గరగా పెట్టు, మెడ కింద చెయ్యి" అని చెబుతుంటే, మా కోడలు వణికే చేతులతో పోసింది. చెంబు పట్టుకున్నది మావాడు. అయ్యాక సాంబ్రాణి వేయమంటే వేశారు, స్మోక్ అలారం మోగి అపార్ట్‌మెంట్ అంతా లేచింది. అప్పుడు నవ్వుకున్నాం. రాత్రి రెండింటికి బిడ్డ పాలు పట్టక ఏడుస్తుంటే మాత్రం ఫోను చాలదు. పిల్లను అందుకుని, "నువ్వు కాసేపు పడుకో" అనే మనిషి కావాలి.

పురుడు అంటే పది రోజుల మైల అని పిల్లలకు చెబుతాం. బయటివాళ్ళు రాకూడదు, బాలింతను ముట్టుకోకూడదు. ఆ పేరుతో ఆడవాళ్ళను గాలీ వెలుతురూ లేని గదుల్లో ఉంచారు, తాగే నీళ్ళు కూడా కొలిచి ఇచ్చారు. దాన్ని నేను సమర్థించను. అయితే ఆ గదిలో ఇంకో మనిషి కూడా ఉండేది. తల్లో, పెద్దమ్మో, మంత్రసానో పక్కనే ఉండి వేడినీళ్ళు కాచి, మొదటి ముద్దలో శొంఠిపొడి, నెయ్యి కలిపి పెట్టేది. కోవిడ్ కాలంలో మనం తలుపు మూయడం వరకు చక్కగా పాటించాం, అది అవసరం కూడా. తలుపు లోపల ఉండాల్సిన ఆ రెండో మనిషిని మాత్రం ఎవరూ పంపలేకపోయారు.

ఆసుపత్రులకూ ఆ రోజుల్లో దారి తెలియలేదు. న్యూయార్క్‌లో కొన్నిచోట్ల కాన్పు గదిలోకి భర్తను కూడా రానివ్వలేదు. మార్చి చివర గవర్నర్ ఉత్తర్వు ఇచ్చాకే ఒక్కరిని అనుమతించారు. తల్లికి కోవిడ్ ఉంటే బిడ్డను వేరుగా ఉంచమని పిల్లల వైద్యుల సంఘం మొదట చెప్పి, జూలైలో మార్చుకుంది. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లే పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వచ్చింది.

మన సభ్యురాలు ఒకామె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను. గత శీతాకాలం ఆమెకు కాన్పయింది. మన వంట బృందం వారానికి మూడుసార్లు క్యారేజీ పంపేది. మూడో వారంలో ఒకరోజు డబ్బాలు మూత తీయకుండానే తిరిగొచ్చాయి. క్యారేజీ తీసుకెళ్ళిన అక్క ఊరుకోలేదు. మెట్ల మీద, చలిలో, ఆరడుగుల దూరాన కూర్చుని "ఏం తిన్నావమ్మా?" అని మాత్రం అడిగింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టిందట. ఆకలి లేదు, నిద్ర లేదు, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదు, తను లేకపోతేనే వాళ్ళకు మేలనిపిస్తోంది. ఆ సాయంత్రమే భర్త డాక్టరుకు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆ తల్లీబిడ్డలు ఈ పచ్చికలోనే ఎక్కడో కూర్చుని ఉన్నారు.

కాన్పయిన మొదటి రెండు వారాలు కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు, దానికి మందు ఉంది. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా అదే రోజు డాక్టరును పిలవండి. ఈ దేశంలో ప్రతి ఎనిమిది మంది తల్లుల్లో ఒకరికి ఆ లక్షణాలు వస్తున్నాయని సీడీసీ లెక్క. బిడ్డను చూపించడానికి వెళ్తే తల్లికీ ఒక ప్రశ్నల కాగితం ఇస్తారు. మనవాళ్ళు అన్నిటికీ "బాగానే ఉంది" అని టిక్కు పెట్టేస్తారు. నలుగురిలో పరువు సంగతి కదా! దయచేసి నిజం రాయండి. అత్తగార్లు పక్కనుంటే కాసేపు బయటికి వెళ్ళండి, నేనూ అత్తగారినే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఈ నెల 8 నుంచి టీకాలు వేసుకున్నవాళ్ళను అమెరికా రానిస్తోంది. చాలా ఇళ్ళకు అమ్మమ్మలు, తాతయ్యలు వస్తున్నారు. మా వియ్యపురాలికీ టికెట్టు దొరికింది, ఏడాదిన్నర మనవరాలిని ఇప్పుడు మొదటిసారి ఎత్తుకుంటుంది. వచ్చేవాళ్ళకు రెండు మాటలు. పసిబిడ్డ ఉన్న ఇంటికైతే కోవిడ్ టీకాతో పాటు కోరింత దగ్గు టీకా కూడా రెండు వారాల ముందే వేయించుకోండి. ఏడాది నిండేదాకా బిడ్డ నాలుకకు తేనె రాయకండి. సంప్రదాయమని తెలుసు, కానీ అందులో ఉండే సూక్ష్మజీవి పసిపేగులకు ప్రమాదం. బాలింతను మాత్రం దాహం తీరా నీళ్ళు తాగనివ్వండి.

అమ్మలు వస్తున్నారు కదా, ఇక క్యారేజీలు ఎందుకని కమిటీలో ఒక మాట వచ్చింది. వీసా అపాయింట్‌మెంటు దొరకని వాళ్ళున్నారు, తల్లి లేని పిల్లలున్నారు, రెండో కాన్పుకు ఎవరూ రాలేనివాళ్ళున్నారు. ఆపవద్దని నా విన్నపం. మార్గశిరంలో ఒకరికి, సంక్రాంతి లోపు ఇద్దరికి నెలలు నిండుతున్నాయి. చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద కాగితం పెట్టాను. బీరకాయ కూర, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారం, మిరియాల చారు, ఏది చేయగలిగితే దాని ఎదురుగా పేరు రాయండి. తెలగపిండి ఇక్కడ కొట్లలో దొరకడం లేదు, ఇండియా నుంచి వచ్చేవాళ్ళెవరైనా ఒక కిలో తెస్తామంటే అదీ రాయండి. వంట రాని మగవాళ్ళకు డ్రైవింగ్ గడి వేరే ఉంది. డబ్బాలు ఇచ్చి వెంటనే వచ్చేయకుండా, మెట్ల మీద పది నిమిషాలు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళే ఆ గడిలో రాయండి.